వనభోజనాలూ, పొణికిచెట్టూ

కార్తీకం వచ్చిందంటే మా కంచికచర్ల వాళ్ళ మనసు కొండపల్లి కొండల మీదికి పోతుంది. ఇబ్రహీంపట్నం దగ్గర ఎడమకి తిరిగితే చాలు, అడవి. ఉసిరిచెట్టు నీడలో పులిహోర రుచి ఇంట్లో రాదు, నేనూ ఒప్పుకుంటాను.

కాని మనం లేచి వచ్చాక అక్కడ మిగిలేవి ప్లాస్టిక్ గ్లాసులూ, ఆరీ ఆరని పొయ్యీ. ఆ పొయ్యిలోకి విరిచిన కొమ్మ ఏ చెట్టుదో ఎవరు చూశారు? దశావతారాలూ, అంబారీ ఏనుగూ పుట్టే తెల్లపొణికి ఆ కొండల మీదిదే. బొమ్మలు చేసేవారికి ఇప్పుడా కర్ర దొరకడమే గగనం.

గార్డుని పెడితే సరి అంటారు మా బావగారు. గార్డు కనబడినంత సేపే గదండీ ఆ భయం!

బ్రిటన్‌లో బైరి డేగలు గుడ్లు పెట్టే రోజుల్లో ఫలానా బండలు ఎక్కరు. గూటి జోలికి పోవడం అక్కడ నేరమే. అయినా ఏ బండ, ఎన్నాళ్ళు అన్నది కొండలెక్కేవారి సంఘం, బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్, పక్షుల మంచిచెడ్డలు చూసేవారితో కూర్చుని తేల్చుకుంటుంది. పిల్లలు ఎగిరిపోగానే బండ మళ్ళీ వాళ్ళదే.

ఈ సంగతి మా వీధిలో ఎత్తితే, "అక్కడ పొయ్యి రాజెయ్యకపోతే వనభోజనమేమిటే!" అన్నారు పిన్నిగారు. న్యాయమే. చివరికి బేరం కుదిరింది: వంట ఇంట్లో, వడ్డన ఉసిరి కింద. పాలు పొంగించడానికి ఒక్క కుంపటి. బొగ్గులు ఇంటివి, బూడిద ఇంటికే. విస్తళ్ళు అడ్డాకువి. మైకు వద్దు.

మైకు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఇంకా మెత్తబడలేదు. బేరం సాగుతోంది.