ఆ అతుకులు ఎవరివి?

బావుల్ అనగానే మన సెక్యులర్ మిత్రుల కళ్లు మెరుస్తాయి. చేతిలో ఏక్‌తారా, కాలికి గజ్జెలు, ఒంటిమీద రంగురంగుల అతుకుల అంగీ. ఎంత బాగుందో అంటారు. అదే మిత్రులు, జుమ్మేరాత్ నాడు దుకాణం ముందు ఊదుపొగ వేసే మా ఫకీర్ని చూస్తే 'పో పో' అంటారు. ఆ అంగీ ఈ ఫకీరుకీ చుట్టమే అని మీకెవరూ చెప్పలేదా?

బెంగాల్లో దాన్ని గుదురి అంటారు, ఆల్‌ఖల్లా అంటారు. పాతచీరలూ చిరిగిన లుంగీలూ కలిపి మా అమ్మలు కుట్టే బొంతని మేం గుదడీ అంటాం. సూఫీల అతుకుల అంగీ మీద హుజ్వేరీ 11వ శతాబ్దంలోనే 'కష్ఫుల్ మహ్జూబ్'లో ఒక అధ్యాయం రాశాడు. వేషం కోసం దాన్ని తొడిగేవాళ్లని అప్పుడే నిలదీశాడు. లాలన్ ఫకీర్ (మరణం 1890) దారిలో దీక్ష తీసుకున్నవాళ్లు తెల్లటి ఖిల్కా తొడుగుతారు. సూఫీల ఖిర్కాయే అక్కడ ఖిల్కా. అది కఫన్ గుడ్డ. బతికుండగానే చచ్చినవాడి బట్ట.

అంగీ మొత్తం మాదే అనడం లేదు. అందులో బౌద్ధ భిక్షువు పేలికలున్నాయి, వైష్ణవుడి కంథా ఉంది. మా పోగు లాగేయొద్దంటున్నాం, అంతే.

లాగేవాళ్లు రెండువైపులా ఉన్నారు. 1926లో బావుల్లని నాశనం చెయ్యాలని ఫత్వా పుస్తకం వేసింది మావాళ్లే. 2008లో ఢాకా ఎయిర్‌పోర్టు ముందు బావుల్ విగ్రహాల్ని తీయించిందీ, 2011లో రాజ్‌బరీ జిల్లాలో బావుల్ల జుట్టూ గడ్డాలూ కత్తిరించిందీ మా దీన్ పేరు చెప్పుకున్నవాళ్లే. దాచం. సిగ్గుపడతాం.

ఇటుపక్క భద్రలోకం. 1916లో 'ఫాల్గుణి' నాటకంలో రవీంద్రుడు అంధ బావుల్ వేషం కట్టాడు. ఆయన ప్రేమని శంకించం. కానీ ఆ తర్వాత అంగీ స్టేజీ ఎక్కింది. 2005లో యునెస్కో బావుల్ పాటని మానవాళి అమూర్త వారసత్వమంది. ఇప్పుడు కొత్తగుడ్డని కోసి మరీ అతుకులేస్తున్నారు! పేదరికం ఫ్యాషనైంది, పేద ఫకీరు మాత్రం ఫ్రేము బయటే.

'మీరు ముందు ముస్లింలా, తెలుగువాళ్లా?' అని మమ్మల్ని ఎన్నిసార్లడిగారు! ఒకటే తాను నుంచి కోసిన గుడ్డలా ఉండమని మసీదులో ఒకరు, బజార్లో ఒకరు. మేం ఉర్దూలో ఏడ్చి తెలుగులో రాసేవాళ్లం. మా బతుక్కి కుట్లు కనిపిస్తాయి. విప్పి చూపించమని అడక్కండి. విప్పితే మీ ఒంటిమీదా గుడ్డ మిగలదు.