మూఢునకు ప్రత్యుత్తరము

బైబిలు పాత నిబంధనయందలి సామెతల గ్రంథమున 26వ అధ్యాయములోని 4, 5 వచనములు ప్రక్కప్రక్కనే నిలిచి యొకదాని నొకటి కాదనుచున్నట్లు కన్పట్టును. మూఢునకు వాని మౌఢ్యమునకు దీటుగా బదులు పలుకరాదని మొదటిది వారించుచున్నది. పలుకవలెనని రెండవది విధించుచున్నది. ఇది సంకలనకర్తల యేమరుపాటనుకొనుటకు వీలులేదు. దూరదూరముగా నున్న వైరుధ్యము కన్నుగప్పవచ్చును గాని, ఇరుగుపొరుగున నున్నది బుద్ధిపూర్వకముగా నుంచబడినదే కావలెను.

యూదపండితుల నీ వాక్యములు చాల బాధించెను. ఇట్టి విరుద్ధోక్తులున్నవన్న కారణమున నీ గ్రంథమునే మఱుగుపఱుపవలెనను యోచన యొకప్పుడు కలిగినట్లు తాల్ముదు తెలుపుచున్నది. తుదకు వారొక పరిష్కారము కనుగొనిరి: ధర్మశాస్త్రవిషయమైనచో బదులీయవలెను, లౌకికవిషయమైనచో మిన్నకుండవలెను. పరిష్కారము చక్కనిదే కాని, మిక్కిలి సులభమైనది. ఆ వచనములు తామే చెప్పుకొన్న కారణములను చూచినచో భేదము విషయమునందు గాక ఫలమునందు కన్పించును. మొదటిదాని భయము బదులు చెప్పువానిని గూర్చి: మూఢునితో వాని ధోరణిలోనే వాదించినవాడు వానివంటివాడే యగును. రెండవదాని భయము మూఢుని గూర్చి: ఎదురుమాట రానిచో వాడు తానే జ్ఞానినని నమ్మును. ఒకటి వైద్యుని కాపాడుటకు, మఱియొకటి రోగిని కాపాడుటకు చెప్పిన మాట. ఏ పూట ఎవరికి అపాయమో గుర్తించు పని మాత్రము గ్రంథము చదువరికే విడిచినది.

అయితే ముందుగా ఎదుటివాడు నిజముగా మూఢుడగునా యని విచారింపవలదా? అనువాదములలో తఱచు ఒక్కటిగా కలిసిపోవు వారికి హీబ్రూమూలమున వేర్వేరు పేరులున్నవి. లోకమెఱుగని యమాయకుడు ‘పెతీ’. తన మౌఢ్యమునందే తృప్తినొందువాడు ‘కెసీల్’. దేనినైనను వెక్కిరించువాడు ‘లేత్స్’. పై వచనములు కెసీలును గూర్చినవి. పెతీ సంగతి వేఱు. వానికి వివేకము కలిగించుట తన ప్రయోజనములలో నొకటియని గ్రంథము ఆరంభముననే చెప్పుకొన్నది. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి మూర్ఖపద్ధతిని చదివిన విద్యార్థుల కీ భేదము క్రొత్తది కాదు. తెలియనివానికి తెలుపుట తేలికయనియు, అరకొర తెలివితో మిడిసిపడువానిని ఒప్పించుట బ్రహ్మకును శక్యము గాదనియు అందును కలదు.

లెక్క తప్పిన బాలుని నిండు తరగతిలో మూఢుడని పిలుచు ఉపాధ్యాయుడు పెతీని కెసీలుగా పొరబడుచున్నాడు. పదిమార్లు ఆ పేరు విన్న బాలుడు పదునొకండవమాఱు దానిని అంగీకరించును. అటుపిమ్మట ప్రశ్న అడుగుటయే మానుకొనును. తన దృష్టికి తాను జ్ఞానియైనవానికంటె మూఢుని విషయముననే ఎక్కువ ఆశయున్నదని ఆ అధ్యాయమే 12వ వచనమున పలుకుచున్నది. ఆ మాట బల్లలపై కూర్చున్నవారికి మాత్రమే చెప్పినది కాదు.

నిజముగా వెక్కిరింతకే ప్రశ్న వేయువాడును లేకపోలేదు. వాని ప్రక్కన నలువదిమంది వినుచుందురు. మిన్నకున్నచో ఆ వెక్కిరింతకు బదులే లేదని వారనుకొందురు. ఎగతాళికి ఎగతాళి విసరినచో వారికి వినోదము, గురువునకు లాఘవము. ఈ యిరుకునుండి బయటపడిన ఆచార్యుడొకని కథ తాల్ముదులో, ఆ వచనముల చర్చకు కొంచెము తరువాతనే వచ్చును.

క్రీస్తుకు కొంచెము పూర్వముండిన హిల్లేలునకు కోపము తెప్పింపగలనని యొకడు 400 జూజుల పందెము కాచెను. విశ్రాంతిదినమునకు ముందటి శుక్రవారమున, ఆయన తల కడుగుకొనుచుండగా వాకిట నిలిచి, హిల్లేలెవరని కేకవేసెను. ఆయన బట్ట కప్పుకొని వచ్చెను. బాబిలోనువారి తలలు గుండ్రముగా నుండుటకు కారణమేమని వాని ప్రశ్న. హిల్లేలు బాబిలోనునుండి వచ్చినవాడు. ములుకు ఎవరికి గ్రుచ్చుటకో తెలియనివాడు కాడు. అయినను గొప్ప ప్రశ్న అడిగితివని మెచ్చుకొని, అచ్చటి మంత్రసానులకు నేర్పు చాలమి కారణమని చెప్పెను. కొంతసేపటికి వాడు మఱల వచ్చి తద్మోరు ప్రజల కన్నులను గూర్చి అడిగెను. ఇసుకనేలలందు వసించుటచేతనని బదులు. మూడవమాఱు ఆఫ్రికావారి పాదములను గూర్చి అడిగెను. చిత్తడినేలలే కారణమని బదులు. ఈ యుత్తరములు నేటి శాస్త్రమునకు నిలువకపోవచ్చును. కాని మూడుమాఱులును ఆయన ప్రశ్నకే బదులిచ్చెను, దాని వెనుకనున్న దురుసుదనమునకు కాదు.

తనకు 400 జూజులు నష్టమైనవని వాడు మొఱపెట్టుకొనగా, ఇంకొక 400 పోయినను పోవచ్చును గాని హిల్లేలునకు కోపము రాదని ఆయన చెప్పి పంపెను.