అవ్వ ఎత్తెంత? పిల్లల్నడగండి!

స్కూల్ యానివర్సరీ అనగానే ఏం గుర్తొస్తుంది? స్టేజీ, సినిమా పాట, కింద ఫోన్లెత్తి వీడియో తీసే అమ్మానాన్నలు. అంతేగా!

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల్లో ఇంకో రకం పండగుంది. పేరు మెట్రిక్ మేళా. ఆ రోజు స్టాళ్లు పెట్టేది పిల్లలే. ఊళ్లోవాళ్లు వస్తే ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, అంకె రాసిస్తారు. అమ్మకాలు, చిల్లర లెక్కలూ వాళ్లవే. స్టేజీ మీద స్టెప్పు తప్పితే నవ్వి ఊరుకుంటాం. ఇక్కడ లెక్క తప్పితే ఊరే పట్టేస్తుంది!

అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? రోజూ చదివే తీరు నుంచే. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. గోడ మీద 'నిచ్చెన' ఉంటుంది. తానే మెట్టు మీదున్నాడో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు ఎవరిది వాళ్లే తీసుకుంటారు. శనక్కాయల పనికో, జ్వరమొచ్చో నాలుగు రోజులు బడి మానినా బెంగ లేదు. ఆగిన మెట్టు నుంచే మళ్లీ మొదలు.

రిషి వ్యాలీలోని 'రివర్' సంస్థ రూపొందించిన పద్ధతి ఇది. 1995లో కర్ణాటకలో మొదలైన 'నలి కలి'కి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన మార్పుకీ ఇదే స్ఫూర్తి. మన పల్లె నుంచి పక్క రాష్ట్రాలకు వెళ్లిన పాఠమన్నమాట.

ఈసారి చెల్లెలి యానివర్సరీలో డాన్స్ వీడియో తీయండి, తప్పులేదు. ఇంటికొచ్చాక మాత్రం టేపు చేతికిచ్చి, "అవ్వ ఎత్తెంతో కొలిచి చెప్పు" అనండి. అసలు ప్రోగ్రెస్ కార్డు అదే!