గుంత పడకముందే

మా అక్క బిడ్డ పొద్దంతా మొగానికి స్కార్ఫు కట్టుకునే ఉంటుంది. సీడు పత్తి చేలో అది వింతేమీ కాదు. గద్వాల, అయిజ, మల్దకల్, గట్టు దిక్కు పల్లెల్లో క్రాసింగు మొదలైందంటే ఆడపిల్లలంతా ఎండకు అట్లాగే కట్టుకుంటారు. సాయంత్రం మొగ్గ ఒలిచి కేసరాలు తీసేయాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. చెట్టు చెట్టు దగ్గరా వంగి, పువ్వు పువ్వునూ చేత్తో పట్టి చేసే పని. కానీ మా పిల్ల ఇంటికొచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాక కూడా స్కార్ఫు విప్పదు. వాకిట్లో చెప్పుల చప్పుడైతే ముక్కు మీదికి లాక్కుంటుంది. "ఫొటో దించకు చిన్నమ్మా" అంటుంది, నేను ఫోను బయటికి తీయకముందే.

ఇప్పుడు దానికి ఇరవై ఒక్కేళ్లు. వనపర్తిలో డిగ్రీ చదువుతోంది, సెలవులకు సొంత చేలో పనికొస్తుంది. పదహారో ఏట మొటిమలొచ్చాయి. మా ఇళ్లలో మొటిమను ఎవరూ జబ్బుగా చూడరు. వయసు, వేడి, గిల్లకు, పెళ్లయితే పోతయ్. ఈ నాలుగు మాటలే ఇంట్లో ఉన్న మందు. అది పనిచేయలేదని మెడికల్ షాపుకు పోతే ఒక ట్యూబు ఇచ్చారు. చీటీ అడగలేదు. రాసిన వారానికే ఎరుపు తగ్గింది, మొగం తెల్లబడింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నేనూ సంబరపడ్డాను, ఆ మాట దాచను. రెండేళ్లు రాసింది. మానేస్తే నాలుగు రోజుల్లో మొగమంతా మండి, వెనకటి కంటే రెండింతలు మొటిమలు లేచేవి. మళ్లీ ట్యూబే గతి.

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. వాపునూ ఎరుపునూ తొక్కిపెడుతుంది, రంగు తేలుస్తుంది, చర్మాన్ని పలచబరుస్తుంది, చివరికి తానే మొటిమలు పుట్టిస్తుంది. మన దేశంలో ఇది ఎంత ముదిరిందంటే, ఇట్లా పాడైన ముఖాలకు మన చర్మవైద్యులే ఇంగ్లీషులో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ ఉత్తర్వు మా ఊరి బస్టాండు ముందున్న కౌంటరు దాకా ఇంకా నడిచి రాలేదు.

మా పిల్ల చెంపల మీద గుంతలు అట్లా పడ్డాయి. లోతున మండిన మొటిమ మానేటప్పుడు చర్మం కింద దాన్ని నిలబెట్టే కొలాజెన్ కరిగిపోతుంది, పైచర్మం లోపలికి దిగుతుంది. గుంతలన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని దబ్బనంతో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉంటాయి. కొన్ని పెసరగింజ పట్టేంత వెడల్పుగా, అంచులు నిటారుగా ఉంటాయి. మరికొన్ని చోట్ల చర్మాన్ని లోపలినుంచి దారాలతో కిందికి గుంజినట్టు అలలు అలలుగా ఉంటుంది. మా పిల్ల చెంపల మీద మూడు రకాలూ ఉన్నాయి.

నిరుడు వేసవిలో లేజర్ అన్నది. ఫోనులో చూసింది. ఒక్కో సిట్టింగుకు 6 వేలు, నాలుగు సిట్టింగులన్నారు. నేనే తోడుపోయాను. పెద్ద ఊళ్లోని ఒక క్లినిక్కు, పేరు రాయను. మొగమంతా తెల్లటి మొద్దుబారే మందు పూసి ముప్పావుగంట కూర్చోబెట్టారు. తర్వాత కళ్లకు కప్పులు పెట్టి పడుకోబెట్టారు. యంత్రం చెయ్యి చెంప మీద ఆన్చినప్పుడల్లా టక్ టక్ మని చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. నా చెయ్యి పిల్ల ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇంటికొచ్చినా గోళ్ల గుర్తులు పోలేదు. పని అయ్యాక దగ్గరగా చూశాను. చెంప మీద గళ్ల కాగితం పరిచినట్టు వరసలు వరసలుగా చుక్కలు. నాలుగో దినానికి అవి గోధుమరంగు గరుకై రాలిపోయాయి.

ఆ యంత్రం మాయేమీ కాదు, అబద్ధమూ కాదు. అందులోని కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఆ కాంతిని నీరు పీల్చుకుంటుంది. మన చర్మం నిండా నీరే కనుక కాంతి పడ్డచోట కణాలు ఆవిరైపోతాయి. తొలిరోజుల్లో ముఖం మొత్తం మీద పైపొరను కాల్చి తీసేవారు, కోలుకోవడానికి వారాలు పట్టేది. 2004లో కొత్త ఆలోచన వచ్చింది. వెంట్రుకంత సన్నటి రంధ్రాలుగా వేడిని దింపి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలేయడం. ఆ వదిలేసిన చర్మమే పక్కనున్న గాయాన్ని మాన్పుతుంది. అడుగున కొత్త కొలాజెన్ నెలల తరబడి పేరుకుంటూ గుంతను కొంత పైకి లేపుతుంది. కొంతే. దబ్బనపు గుంతకు లేజర్ కంటే లోపల ఘాటైన ఆమ్లం చుక్క వేయడం మేలు. అలల గుంతకు సూదితో ఆ దారాలను తెంపాలి. ఒక్క లేజర్‌తో మొగం అద్దంలా అవుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి.

ఆ క్లినిక్కులో మమ్మల్ని అడగని ప్రశ్న ఒకటుంది. "ఎండలో పనిచేస్తావా?" మన చామనఛాయ చర్మం కాలితే రంగును ఎక్కువ పుట్టిస్తుంది. లేజర్ తర్వాత ఎండ తగిలితే గుంత మీద నలుపు కూడా తోడవుతుంది. ఇచ్చిన కాగితంలో "ఎండకు వెళ్లరాదు" అని ఒక వాక్యం ఉంది. ఆగస్టులో క్రాసింగు మొదలైంది. సీడు పత్తికి వారం ఆగే తీరిక ఉండదు, విచ్చిన పువ్వు ఆ పూటే రుద్దాలి. రెండో సిట్టింగు అయిన పదో రోజు పిల్ల చేలో ఉంది. నెల తిరిగేసరికి చెంపలు మాడినట్టయ్యాయి.

తర్వాత చూపించిన చర్మవైద్యురాలు లేజర్ మాటే ఎత్తలేదు. "ఇంకా మొటిమలు లేస్తనే ఉన్నయి గదమ్మా. ముందు అవి ఆగాలె" అన్నది. ట్యూబు మాన్పించింది, మందు రాసింది, నలుపు నెలల మీద తగ్గుతుందన్నది. ముదిరిన మొటిమలకు వాడే గోలీ కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు ఎంత ప్రమాదమో పక్కన కూర్చున్న మా అక్కకు కూడా విడమరిచి చెప్పింది. మొటిమకు నిజమైన వైద్యం మేము చూసింది అదే మొదటిసారి, ఐదేళ్ల తర్వాత.

మా అవ్వ మొగం నిండా అమ్మవారి మచ్చలుండేవి. మశూచి 1975లో దేశం విడిచిపోయింది, దాని గుంతలు మాత్రం మా అవ్వతో చివరిదాకా ఉన్నాయి. ఆమె ఏనాడూ మొగం దాచుకోలేదు. ఊళ్లో సగం మందికి అవే మచ్చలు. మా పిల్ల తన ఈడు వాళ్లలో ఒంటరిది. సాయిపల్లవి 2015లో 'ప్రేమమ్'లో, మొటిమలు దాచుకోకుండానే తెర మీదికి వచ్చినప్పుడు ఎందరో ఆడపిల్లలకు ధైర్యం వచ్చింది, దానికి ఆమెకు దండం పెడతాను. కానీ ఆ ధైర్యం పేరు చెప్పి, నొప్పితో మండే జబ్బును మందు లేకుండా వదిలేయకూడదు. పెళ్లిచూపుల్లో ఆ గుంతలు లెక్కపెట్టేవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

ఇక ఖర్చు మాట. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో పాత మహబూబ్‌నగర్ ఒకటి. అంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పేదలు ఆ కార్డును మొదట చేతబట్టినవాళ్లు. అందం కోసం చేసే చికిత్స ఆ కార్డులోకి రాదు. జీఎస్టీ చట్టం కూడా వైద్యానికి పన్ను మినహాయించి, అందానికి చేసే సర్జరీలను బయటే ఉంచింది. గాయానికి చేస్తే మాత్రం మినహాయింపు ఉంది. చర్మం లోపలినుంచి కాలి పడిన గుంత గాయం కాకపోతే మరేమిటి?

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. లేజర్ యంత్రం మూడింట్లో ఒక్క చోట పెట్టినా నేను సంతోషిస్తాను. కానీ దానికంటే ముందు అడిగేది వేరే. వారానికి ఒక పూట మొటిమలకే ఓపీ పెట్టండి. నెలకోసారి చర్మవైద్యుల్ని గురుకులాలకూ కస్తూర్బా పాఠశాలలకూ పంపండి, పద్నాలుగేళ్ల పిల్లలు ఉండేది అక్కడే. చీటీ లేకుండా ట్యూబు ఇచ్చే కౌంటర్లను డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీ చేయాలి. నెలకు రెండు మూడు వందల మందుతో ఆగే మొటిమ కోసం మా అక్క పత్తి డబ్బు 12 వేలు కాలిపోయింది.

మిగతా సిట్టింగులు ఇప్పట్లో లేవు. మొటిమలు పూర్తిగా ఆగాక, పత్తి పని అయిపోయాక, చలికాలంలో చూద్దామన్నది డాక్టరు. మొన్న ఆదివారం పిల్ల ఫోను చేసింది. తన చెల్లెలికి పదమూడేళ్లు, నుదుటి మీద నాలుగు లేచాయట. ఎవరో ట్యూబు తెచ్చిస్తే గోడవతలికి విసిరేసిందట. "గద్వాల పెద్దాసుపత్రిల చర్మం డాక్టరు ఏ దినం కూర్చుంటరో కనుక్కో చిన్నమ్మా, నేనే దీన్ని తీస్కపోత" అన్నది.