పాత తీర్పు వేదవాక్కు కాదు

నేను లాయర్ని కాను. బీకాం చదివి, రక్షణ శాఖ పద్దుల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. అయినా కోర్టుల గురించి రాయడానికి నాకో కారణముంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, చనిపోయిన ఒక జవాను భార్య ఫ్యామిలీ పెన్షన్ కోసం పెట్టుకున్న అర్జీ నా బల్ల మీదికొచ్చింది. "ఇలాంటిదే పాత కేసుంది, చూసి రాసెయ్యవోయ్" అన్నాడు మా సీనియర్. పాత ఫైల్లో తిరస్కరించారు. నేనూ అదే నోటు రాసి పైకి పంపాను. పాత కేసులో పెళ్ళికి రుజువు లేదు, ఈమె దగ్గర ఉంది. ఆ తేడా నేను చూడలేదు. తప్పు దిద్దడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఆమె ఎలా బతికిందో ఏ ఫైల్లోనూ లేదు.

కోర్టుల్లో నడిచేదీ ఇలాంటి పద్ధతే. సుప్రీంకోర్టు చెప్పిన చట్టం దేశంలోని మిగతా కోర్టులన్నిటికీ శిరోధార్యమని రాజ్యాంగం 141వ అధికరణం చెబుతుంది. ఇందులో తప్పేమీ లేదు. ఒకే రకం తగాదాకు గుంటూరులో ఒక న్యాయం, గువాహటిలో మరో న్యాయం ఉండకూడదు కదా! కాకపోతే తీర్పులోని ప్రతి వాక్యమూ శిలాశాసనం కాదు. ఆ తగాదాను తేల్చిన కారణం ఏదో అదే కట్టిపడేస్తుంది. మాటవరసకు జడ్జి అన్న మాటలు కట్టిపడేయవు. వాస్తవాలు వేరైతే ఆ తీర్పే వర్తించదు.

సుప్రీంకోర్టు తన పాత తీర్పుకు తానే బందీ కాదు. 1955లో బెంగాల్ ఇమ్యూనిటీ కేసులో అమ్మకం పన్ను మీద తాను 1953లో ఇచ్చిన తీర్పునే పక్కనపెట్టింది. ఏ మతగ్రంథంలోనైనా "వెనకటి అధ్యాయం తప్పు" అని రాసుకున్నారా?

అయితే ఆ పని చేయడానికి ఎంతకాలం పడుతోంది? ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లకు కోర్టు తలుపు తట్టే హక్కుందని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. 1976లో ఏడీఎం జబల్పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురి మాటతో లేదు పొమ్మంది. హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1978లో 44వ సవరణ ఆ దారి మూసింది గానీ, తీర్పు తప్పని కోర్టు స్పష్టంగా కొట్టేసింది 2017లో, గోప్యత హక్కు కేసులో. అంటే 41 ఏళ్లు! ఆ నలుగురిలో వై.వి.చంద్రచూడ్ ఒకరు. 2017లో అది తప్పని రాసినవారిలో ఆయన కొడుకు డి.వై.చంద్రచూడ్ ఉన్నారు. పితృవాక్య పరిపాలన గొప్పదని నూరిపోసే దేశంలో ఈ ధిక్కారాన్ని మనం పాఠంగా చెప్పుకోవాలి.

ఇకపోతే మనకు దగ్గర విషయం. 1951లో బొంబాయి హైకోర్టు నరసు అప్పా మాలి కేసులో, మతాచారాల మీద నడిచే పర్సనల్ లా ప్రాథమిక హక్కుల పరీక్షకు లోబడదని అంది. నిజానికి ఆ కేసులో తేలిందేమిటి? హిందువుల్లో బహుభార్యాత్వాన్ని నిషేధించిన చట్టం చెల్లుతుందని! సంస్కరణను నిలబెట్టిన తీర్పులోని ఈ మాట సంస్కరణను అడ్డుకునే గోడైంది. ఒక హైకోర్టు మాట వేరే రాష్ట్రాల హైకోర్టులను కట్టిపడేయదు. అయినా దశాబ్దాలుగా దాన్ని శ్రుతిలా వల్లిస్తూ వచ్చారు. 2018లో శబరిమల తీర్పులో డి.వై.చంద్రచూడ్ దాని తర్కాన్ని తప్పుపట్టారు.

పాత తీర్పుల్ని కదిలిస్తే నిలకడ పోతుందంటారు. తప్పు కూడా నిలకడగా సాగాలా? మొదటి పేజీలో తప్పుపడిన అంకెను పేజీ తర్వాత పేజీ ముందుకు మోసుకుపోతే లెక్క సరిపోదు, తప్పే పెరుగుతుంది.

మిత్రులారా, మనమూ తక్కువ తినలేదు. మనకు నచ్చిన తీర్పు రాగానే "సుప్రీంకోర్టే చెప్పింది" అని వాదన ముగిస్తాం. "స్వామీజీయే చెప్పారు" అనేవాడికీ మనకూ తేడా ఏమిటి? అదీ శబ్దప్రమాణమే. ఏ వాస్తవాల మీద చెప్పింది, ఏ కారణంతో చెప్పింది, ఆ కారణం ఇవాళ నిలుస్తుందా అని మనకు నచ్చిన తీర్పునే ముందు అడుగుదాం.

ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్నలూ అవే. అడగలేదు. మూల్యం ఆమె చెల్లించింది.