సారథ్యం దానమిచ్చే సొత్తా?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి ధర కట్టేవాడు పింజ చూస్తాడు, తేమ చూస్తాడు. రైతు ఇంటిపేరు అడగడు. ఆపాటి న్యాయం 1936లో భారత క్రికెట్ బోర్డుకు చేతకాలేదు. ఇంగ్లండ్ వెళ్లే జట్టు పగ్గాలను సి.కె.నాయుడికి కాక విజయనగరం రాజకుమారుడు ‘విజ్జీ’కి అప్పగించింది. ఇద్దరివీ తెలుగు మూలాలే. కనుక ఈ తప్పును పరాయివాళ్ల ఖాతాలో రాసి తప్పుకునే వీలు మనకు లేదు.

నాయుడు 1895లో నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎంసీసీ బౌలర్లను ఉతికి, 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టు. పర్యటనకు కెప్టెన్‌గా వెళ్లిన పోరుబందరు మహారాజు తన ఆట ఏపాటిదో తానెరిగి పక్కకు జరిగారు. నాయుడు భారత్ తొలి టెస్టు కెప్టెన్ అయ్యారు.

విజ్జీకి ఆ వివేకం లేకపోయింది. మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్, 33 పరుగులు: ఇదీ ఆయన లెక్క. లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలోనే ఇంటికి పంపేశారు. రెండు టెస్టులు ఓడాం. కెప్టెన్‌కు మాత్రం ఆ వేసవిలోనే ‘సర్’ బిరుదు దక్కింది. తర్వాత విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ ఆ నాయకత్వాన్ని తప్పుపట్టింది. ఆ పర్యటనలోనే ఓవల్ టెస్టులో నలభై ఏళ్ల నాయుడు ఇంగ్లండ్ బౌలర్ ఆలెన్ బంతి దెబ్బను ఓర్చుకుని 81 పరుగులు చేశారు. అదే ఆయన ఆఖరి టెస్టు.

నాయుడు కఠినుడు, జట్టులో గిట్టనివాళ్లూ ఉన్నారు, కెప్టెన్‌గా నాలుగు టెస్టుల్లో ఒక్కటీ గెలవలేదు. ఇవన్నీ నిజాలే. అయితే ఆయన సారథ్యంలో హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ సారథ్యం మనకూ దక్కింది. 1953లో మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వీడి ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. రంజీలో ఆంధ్ర జట్టు అడుగుపెట్టిందీ ఆ ఏడాదే. దాన్ని నడిపించింది 58 ఏళ్ల నాయుడే.

మా తీర్పు ఇది: 1936లో జరిగింది పొరపాటు కాదు, అన్యాయం. ఆటగాడు కష్టపడి సంపాదించుకున్న హక్కును హోదాకు కట్టబెట్టారు.

ఇది పాత ముచ్చట అని కొట్టిపారేయకండి. ఊళ్లో జట్టు కట్టినప్పుడు బంతులు, బ్యాట్లు కొనిచ్చిన పెద్దమనిషి కొడుకే కెప్టెన్ అయితే అక్కడా విజ్జీ ఉన్నట్టే. ఎమ్మిగనూరులో మగ్గం గుంట పక్కన పెరిగిన కుర్రాడికీ, ఆదోని హమాలీ బిడ్డకూ సిఫారసు చేసేవాళ్లుండరు. పరుగులే వాళ్ల సిఫారసు. ఎంపిక చేసే పెద్దలను మేం అడిగేది ఒక్కటే. జట్టు జాబితాలో ప్రతి పేరు పక్కనా పరుగులూ వికెట్లూ రాసి గోడకు అంటించండి. పింజ చూసే ధర కట్టారో లేదో ఊరే తేల్చుకుంటుంది.