వేసవి లంకయాత్ర: స్థానికులను అడగవలసిందేమిటి?

శ్రీలంక పర్యటనకు డిసెంబరు నుంచి మార్చి వరకు గల కాలమే అనువైనదని పర్యాటక ప్రకటనలు ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నాయి. ఆ మాట అబద్ధమేమీ కాదు గాని, అది ఎవరిని ఉద్దేశించి పుట్టిందో గమనించవలసి ఉంది. తమ దేశపు చలి నుంచి తప్పించుకుని లంక నైరుతి తీరాన ఎండ కాగాలనుకునే ఐరోపా పర్యాటకుడి సెలవులను బట్టి ఏర్పడిన సీజను అది. తెలుగు కుటుంబాలకు తీరిక దొరికేది ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. అందులోనూ పెద్దల ఉద్యోగాలు, పిల్లల కోచింగ్ తరగతులు పోగా విదేశయాత్రకు మిగిలేది అయిదారు రోజులకు మించదు. ఇంత చిన్న యాత్రలో ఒక రోజు వానకు, ఒక రోజు మూసిన దుకాణాలకు, మరొక రోజు ఘాట్ రోడ్లకు బలైతే ఇక చేతిలో ఉండేది సగమే కనుక, స్థానికుల సలహా అవసరం నెల రోజులు తిరిగేవారి కంటే అయిదు రోజులు తిరిగేవారికే ఎక్కువ. అయితే ఆ సలహా దేని గురించి అడగాలన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. ఏమి చూడాలో చెప్పమంటున్నారు. ఎప్పుడు చూడాలో చెప్పమనడం లేదు.

లంకకు వానాకాలం ఒకటి కాదు, రెండు. మే నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి రుతుపవనాలు కొలంబో, గాలె, రత్నపుర వంటి పడమటి, దక్షిణ ప్రాంతాలను తడిపి, ద్వీపం నడుమ ఉన్న కొండలను దాటేసరికి తేమ కోల్పోయి, తూర్పు వైపు పొడిగాలులుగా దిగుతాయి. పర్వతాల చాటున ఉండి వానకు నోచుకోని ఇటువంటి నేలను భూగోళ శాస్త్రంలో వర్షచ్ఛాయా ప్రాంతమంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య గాలుల వంతు వచ్చినప్పుడు తడిసేది ప్రధానంగా తూర్పు, ఉత్తర ప్రాంతాలు. లంక రైతులు తమ సాగును ఈ రెండు వానలను బట్టే యల, మహ అనే రెండు కాలాలుగా విభజించుకున్నారు. అందువల్ల మే నెల మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఆ ద్వీపంలో అర్థం లేదు. ఏ తీరానికి మంచిది అన్నదే ప్రశ్న.

మార్చి, ఏప్రిల్ నెలలు ఈ రెంటి మధ్య సంధికాలం. ఉదయమంతా నిర్మలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నం దాటాక ఉరుములతో కురవడం అప్పుడు మామూలు కాబట్టి, స్థానికులు తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికల్లా పని ముగించుకుంటారు. మే రెండో సగం పరిస్థితి వేరు. 2016 మేలో అరణాయక వద్ద కొండచరియ విరిగిపడి ఊళ్లను కప్పివేసింది. 2017 మేలో రత్నపుర, కళుతర జిల్లాలను ముంచెత్తిన వరదలు, వాటితోపాటు విరిగిపడిన కొండచరియలు రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఇవి ఏటా జరిగేవి కాకపోయినా, నైరుతి రుతుపవనాల ప్రవేశ వేళ కొండవాలు ప్రాంతాల్లో ప్రయాణం పెట్టుకోవడానికి స్థానికులు ఎందుకు సంకోచిస్తారో వీటిని బట్టి అర్థమవుతుంది. ఇదే కాలంలో హిక్కడువ, ఉనవటున, మిరిస్స తీరాల్లో సముద్రం ఉగ్రంగా ఉంటుంది; బస చౌకగా దొరికిందన్న సంబరంతో మే చివర అక్కడికి చేరినవారు అలలను ఒడ్డు నుంచి చూడవలసిందే తప్ప నీటిలోకి దిగడం క్షేమం కాదు.

అదే సమయంలో తూర్పున ట్రింకోమలీ, పాసికుడా, అరుగం బే తీరాల్లో వాతావరణం పొడిగా, సముద్రం చాలావరకు శాంతంగా ఉంటుంది. తిమింగలాలను చూపించే పడవల వ్యాపారం సైతం ఈ నెలల్లో దక్షిణాన మిరిస్సను వదిలి ట్రింకోమలీకి మారుతుంది. తెలుగువారికి ఈ ఊరితో మరొక సంబంధం కూడా ఉంది: అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా చెప్పే శాంకరీదేవి స్థానం ఇక్కడిదేనని విశ్వాసం, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండపై, పోర్చుగీసువారు పదిహేడో శతాబ్దంలో ధ్వంసం చేయగా ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి లేచిన కోణేశ్వరాలయం ఉంది. అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం పీఠాలను దర్శించిన కుటుంబానికి వేసవి సెలవుల్లో గాలీ, భక్తీ రెండూ చూపే దిక్కు తూర్పే. అయినా ప్యాకేజీ యాత్రలు మేలో సైతం బెంటోట వంటి పడమటి తీరపు ఊళ్ల వైపే మొగ్గడానికి కారణం చరిత్రలో ఉంది. 2009లో ముగిసిన అంతర్యుద్ధం పాతికేళ్లకు పైగా తూర్పును పర్యాటకులకు దూరం చేయగా, హోటళ్లు, రోడ్లు, దళారుల పరిచయాలు అన్నీ నైరుతి మూలనే కుదురుకున్నాయి. వాటి అలవాటు ఇంకా మారలేదు.

గాలి తరువాత చూడవలసింది పంచాంగం. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ పోయ అనే ప్రభుత్వ సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, కార్యాలయాలు తెరవరు, ఆలయాలు తెల్లని దుస్తుల జనంతో నిండుతాయి. మేష సంక్రాంతి నాటి సింహళ, తమిళ సంవత్సరాదికి, అంటే ఏప్రిల్ నడిమి వారానికి, కొలంబో ఖాళీ అయి నువర ఎలియ కిక్కిరిసిపోతుంది. చల్లని కొండ ఊరని అప్పుడు అక్కడికి వెళ్లిన విదేశీయుడికి గది దొరకడమే కష్టం. వెసాక్ పౌర్ణమి, అంటే బుద్ధుడి జనన, జ్ఞానోదయ, పరినిర్వాణాలను స్మరించే పండుగ, సాధారణంగా మేలో వస్తుంది. అధికమాసం పడిన సంవత్సరాల్లో మన పంచాంగంలోని వైశాఖ పౌర్ణమి, లంక ప్రభుత్వం ప్రకటించే వెసాక్ ఒకే రోజు కాకపోవచ్చు గనుక అక్కడి సెలవుల జాబితానే చూసుకోవాలి. ఆ తరువాతి పోసోన్ పౌర్ణమి అశోకుడి కుమారుడు మహింద్రుడు మిహింతలేలో అడుగుపెట్టిన దినం. అనురాధపురం దారులన్నీ అప్పుడు యాత్రికులవే.

వీటిని అడ్డంకులుగా చూపి తప్పించుకోమనడం ట్రావెల్ ఏజెంట్ల పద్ధతి. ఆ సలహా సగమే సరైనది. వెసాక్ రాత్రి కొలంబో వీధుల్లో కాగితపు లాంతర్లు, జాతక కథలను దీపాలతో చెప్పే తోరణాలు, దారిన పోయేవారందరికీ ఉచితంగా అన్నం, పానీయాలు వడ్డించే దన్సల్ పందిళ్లు చూడటానికే ఒక రోజు కేటాయించదగినంత విశేషమైనవి. కాకపోతే ఆ రోజు నగరం దాటి ప్రయాణం పెట్టుకోరాదని స్థానికుడు ముందే చెప్పాలి. శ్రీపాద శిఖరం విషయంలోనూ ఇంతే: డిసెంబరు పౌర్ణమితో మొదలైన యాత్రాకాలం వెసాక్‌తో ముగుస్తుంది, ఆ మర్నాటి నుంచి మెట్లదారిలో దీపాలూ టీ కొట్లూ ఉండవు. మిన్నేరియ చెరువు వద్ద వందల ఏనుగులు గుమికూడే దృశ్యం కోసం వేసవిలో వెళ్లేవారికి నిరాశ తప్పదు. చెరువు నీరు తగ్గి పచ్చిక బయటపడే ఆగస్టు, సెప్టెంబరులదే ఆ వైభవం.

ఇక గడియారం. ద్వీపం విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ కావడంతో, పటం చూసి అయిదు రోజుల్లో అంతా చుట్టి రావచ్చన్న భ్రమ కలుగుతుంది. కొలంబో నుంచి క్యాండీకి దూరం 115 కిలోమీటర్లే అయినా రోడ్డు మీద మూడు గంటలకు పైగా పడుతుంది. కటునాయక విమానాశ్రయం కొలంబోకు ఉత్తరాన, నెగొంబో పక్కన ఉంది కనుక సిగిరియకో ట్రింకోమలీకో వెళ్లేవారు మొదటి రాత్రి రాజధానికి పోవడం వెనక్కి నడవడమే. అయిదో శతాబ్దపు రాజు కాశ్యపుడి సిగిరియ కొండను పొద్దున్నే ఎక్కాలి. అనురాధపుర స్తూపాల రాతి ముంగిళ్లను మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా దాటడం ఎవరికీ సాధ్యం కాదు. ఇటువంటివి చెప్పడంలో స్థానికుడికి సాటి లేదు.

ఏమి చూడాలన్న దానిలో మాత్రం అతడి మాటకు అంత విలువ ఇవ్వనక్కర లేదు. క్యాండీని 1739 నుంచి 1815 వరకు ఏలిన నాయక్కరు రాజులు మధుర నాయకుల బంధువర్గం నుంచి వెళ్లినవారు, ఆ వంశపు మూలాలు తెలుగువి. ఊరి నడుమ ఉన్న సరస్సును తవ్వించింది వారిలో చివరివాడైన శ్రీ విక్రమ రాజసింహుడే. అనురాధపురం జిల్లాలోని తంబుత్తేగమ పరిసరాల్లో పాములాడించే వృత్తితో తరాలుగా సంచరించిన అహికుంటక జనం నేటికీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. వీటిని తెలుగు పర్యాటకుడు అడిగి తెలుసుకోవాలే తప్ప, అవి అతడికి పనికొస్తాయని కొలంబో మిత్రుడికి తోచదు.

కొలమానాల తేడా మరొకటి. తమకు భరించరానిదని లంకవాసి చెప్పే 32 డిగ్రీల వేడి రామగుండం నుంచి వచ్చినవారికి ఉపశమనం కావచ్చు, కాకినాడవాసికి మాత్రం ఆ ఉక్కపోత పరిచితమే. శాకాహారమని అతడు నమ్మకంగా చూపే కొబ్బరి సంబోల్‌లో ఎండబెట్టి పొడిచేసిన మాల్దీవుల చేప, అక్కడివారు ఉంబలకడ అనేది, తరచుగా ఉంటుంది. అది అతడి దృష్టిలో చేప కాదు, పోపు సామాను వంటిది. మాంసం లేదు కదా అని అడిగితే లేదనే జవాబు వస్తుంది, ఉంబలకడ లేకుండా చేయమని పేరు పెట్టి అడిగితేనే పని జరుగుతుంది.

అన్నిటికీ మించి, స్థానికుడు అన్న మాట కింద పరస్పర భిన్నమైన ప్రయోజనాలు గల మనుషులున్నారు. కారు నడిపే గైడు మాతలే సుగంధ ద్రవ్యాల తోటలోనూ రత్నాల దుకాణంలోనూ ఆగుదామంటే అందులో అతడి కమీషన్ ఉండవచ్చు. అది నేరమేమీ కాదు, కాని అయిదు రోజుల్లో అది రెండు పూటలు తినేస్తుంది. బెంటోట హోటలు యజమానిని మే నెల సముద్రం గురించి అడిగితే వానలు రాత్రిపూటే పడతాయంటాడు, ట్రింకోమలీ హోటలు యజమాని తన ఊరి మధ్యాహ్నపు ఎండ సంగతి ఎత్తడు. పడమటి తీరం గురించి తూర్పువారిని, తూర్పు గురించి కొలంబో ఉద్యోగిని, అలల గురించి ఆ పూట వేటకు వెళ్లని జాలరిని అడిగితే, జవాబు వల్ల వారికి పైసా లాభం లేదు కనుక, నిజం దొరికే అవకాశం ఎక్కువ.